సర్వరులో డిస్కు పోతే: గుర్తించడం, మార్చడం, మళ్ళీ నింపుకోవడం



గత వారం రెండు రోజులపాటు ఆఫీసులో పాత రికార్డుల నకళ్ళు ఇవ్వలేకపోయాం. దూరం నుంచి వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్ళినవారు క్షమించాలి. నోటీసు బోర్డు మీద కారణం ఒక్క ముక్కలో రాశాం: "సర్వరు డిస్కు మార్పిడి". అది చదివి పదో తరగతి పిల్లలు కొందరు నా గదికి వచ్చారు. "డిస్కు పోయిందంటే అందులో ఉన్నది పోయినట్టే కదా సార్, మరి ఏమీ పోలేదంటున్నారు, అదెట్లా?" అని అడిగారు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఫోనులో అడిగింది కూడా ఇదే. అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లోనో, దుకాణంలోనో, మరో బడిలోనో ఇలాంటి పెట్టె ఉన్నవారికి కూడా పనికొస్తుంది.

ఆ పెట్టెలో ఏముంది

ఆఫీసు గదిలో బీరువా పక్కన నాలుగు అరలున్న నల్ల పెట్టె ఒకటి ఉంది, చూసే ఉంటారు. ఒక్కో అరలో 4 టెరాబైట్ల హార్డ్ డిస్కు ఉంటుంది. పరీక్షల ఫైళ్ళు, ఫోటోలు, ఫీజు లెక్కలు అన్నీ అందులోనే. వాటన్నిటికన్నా విలువైనవి పాత అడ్మిషన్ రిజిస్టర్ల స్కాన్ ప్రతులు. ఇప్పుడు చదువుతున్న పిల్లల వివరాలు ప్రభుత్వ పోర్టళ్ళలో కూడా ఉంటాయి. ఆ పోర్టళ్ళు రాకముందు చదివినవాళ్ళ పుట్టిన తేదీ, తండ్రి పేరు, మాతృభాష, బడిలో చేరిన తేదీ మాత్రం మన రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా దొరకవు. అరవై ఏళ్ళు దాటిన పూర్వ విద్యార్థులు పాస్‌పోర్టుకనీ పింఛనుకనీ వచ్చి అడిగేది ఆ పేజీనే. భాషా అల్పసంఖ్యాకుల కోటాకు ఆధారం కావలసినప్పుడు మాతృభాష గడిలో "తెలుగు" అని రాసిన ఆ ఒక్క మాట ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు. అసలు పుస్తకాల అంచులు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. కొన్నిటికి చెదలు తగిలింది. అందుకే స్కాన్ చేయించాం. కాబట్టి గత వారం పోబోయింది ఒక యంత్ర భాగం మాత్రమే అనుకోకండి.

డిస్కు ఎందుకు పోతుంది

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద చదివే ముల్లు, దాన్నే హెడ్ అంటారు, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కన్నా తక్కువ ఎత్తులో తేలుతూ ఉంటుంది. అది పగలూ రాత్రీ ఆగకుండా ఏళ్ళ తరబడి తిరుగుతుంది. బేరింగు అరుగుతుంది, పళ్ళెం మీద అక్కడక్కడా చదవలేని మచ్చలు పడతాయి. మనం వాడే సైకిలుకే ఏడాదికొకసారి రిపేరు తప్పదు, దీనికి తప్పుతుందా?

1956లో ఐ.బి.ఎం. తెచ్చిన మొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అంతా కలిపి సుమారు 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఇప్పటి ఫోనులో ఒక ఫోటోకు పట్టే చోటు అది. పరిమాణం మారింది కానీ, తిరిగే పళ్ళెం మీద ముల్లు అనే పద్ధతి మారలేదు.

కంపెనీల కాగితాల్లో "సగటు ఆయుష్షు 10 లక్షల గంటలు" అని కనిపిస్తుంది. లెక్క వేస్తే 114 ఏళ్ళు! ఏ ఒక్క డిస్కూ అన్నేళ్ళు బతుకుతుందని దాని అర్థం కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ 2007లో సుమారు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. ఆ కాగితాల ప్రకారమైతే ఏడాదికి నూటికి ఒకటి కన్నా తక్కువ పోవాలి. నిజంగా మార్చవలసి వచ్చినవి నూటికి రెండు నుంచి నాలుగు దాకా ఉండడం మామూలుగా కనిపించింది. అదే ఏడాది గూగుల్ ఇంజనీర్లు తమ లక్షకు పైగా డిస్కుల మీద మరో పరిశీలన ప్రకటించారు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే "స్మార్ట్" అనే పట్టిక ఒకటి ఉంటుంది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా ఆ పట్టికలోని ముఖ్యమైన గడులలో ఏ హెచ్చరికా చూపకుండానే పోయాయి. హెచ్చరిక వస్తే నమ్మాలి, రాలేదని మాత్రం ధీమాగా కూర్చోకూడదు.

మార్కుల పట్టికతో లెక్క

ఇక పిల్లల ప్రశ్న. ఒక విద్యార్థికి తెలుగులో 72, కన్నడలో 65, ఇంగ్లీషులో 58 వచ్చాయనుకోండి. మొత్తం 195. ఈ నాలుగు అంకెలనూ నాలుగు వేర్వేరు కాగితాల మీద రాసి పెట్టాం. కన్నడ కాగితం తడిసి అంకె చెరిగిపోయింది. మార్కు పోయినట్టేనా? 195 లోంచి 72, 58 తీసేయండి, 65 వచ్చేస్తుంది. మొత్తం రాసిన కాగితమే తడిసినా ఫరవాలేదు, మళ్ళీ కూడుకుంటాం. నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా తిరిగి వస్తుంది. రెండు పోతే మాత్రం రాదు.

మన పెట్టె చేసేది ఇదే. యంత్రం మామూలు కూడికకు బదులు సరి-బేసి లెక్క వాడుతుంది. మూడు డిస్కుల్లో 1, 0, 1 అని ఉంటే ఒకట్లు సరిసంఖ్యలో ఉన్నాయి కాబట్టి నాలుగోదానిలో 0 రాస్తుంది. నడిమి డిస్కు పోతే, ఒకట్లు సరిసంఖ్యలోనే ఉండాలి కదా, అయితే పోయింది 0 అని తేల్చుకుంటుంది. ఇలా కాపలాకు రాసే అంకెను పారిటీ అంటారు. ఈ ఏర్పాటు పేరు రెయిడ్ 5. పారిటీని ఒకే డిస్కులో పెట్టకుండా నాలుగింటికీ వంతులవారీగా పంచుతుంది. అందుకే 16 టెరాబైట్ల డిస్కులు కొన్నా మనకు వాడుకోవడానికి 12 మాత్రమే మిగులుతాయి.

రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6 కూడా ఉంది. పదో తరగతి పిల్లలు దీన్ని కాగితం మీద చేసి చూడండి. మొత్తంతో పాటు రెండో లెక్క ఒకటి రాసి పెట్టుకుందాం: తెలుగు మార్కును 1తో, కన్నడ మార్కును 2తో, ఇంగ్లీషు మార్కును 3తో గుణించి కూడితే 376. ఇప్పుడు కన్నడ, ఇంగ్లీషు రెండూ చెరిగిపోయాయి. వాటి మొత్తం 123 అని మొదటి లెక్క చెబుతుంది. కన్నడకు రెండింతలు, ఇంగ్లీషుకు మూడింతలు కలిపితే 304 అని రెండోది చెబుతుంది. రెండు సమీకరణాలు, రెండు చరరాశులు. ఇంగ్లీషు 58, కన్నడ 65. "ఈ సమీకరణాలు బతుకులో ఎందుకు సార్" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. యంత్రంలో వాడే గణితం దీనికన్నా కొంచెం వేరు, కానీ కిటుకు ఇదే.

ఈ పద్ధతులకు ఒక పేరూ క్రమమూ ఇచ్చినవారు కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్. ఒకే పెద్ద ఖరీదైన డిస్కుకు బదులు చవక డిస్కులు చాలా కలిపి వాడవచ్చని, వాటిలో కొన్ని పోతాయన్నది ముందే లెక్కలో వేసుకోవాలని 1988లో అచ్చయిన వ్యాసంలో చెప్పారు. పైన చెప్పిన 2007 పరిశీలనలోని గిబ్సన్ ఈయనే.

మార్చిన తీరు

గురువారం పొద్దున పెట్టె కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. ఒక అర ముందు ఎర్రటి దీపం వెలిగింది. అప్పుడు ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేద్దామని. ఆ పని చేయకూడదు. ఏళ్ళ తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఒకసారి ఆగితే మళ్ళీ తిరగడానికి మొరాయించవచ్చు. ఒకటి పోయి ఉన్న సమయంలో రెండోది మొరాయిస్తే పని అయిపోయినట్టే.

ముందు అరుపు ఆపే బొత్తాం నొక్కాం. తర్వాత డిస్కు జోలికి పోకుండా, రిజిస్టర్ల స్కాన్ ఫోల్డరును బయటి డిస్కులోకి మరోసారి కాపీ చేశాం. ఇది అయ్యేదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దని మా కంప్యూటర్ టీచరుకు గట్టిగా చెప్పాను. ఆ గట్టిదనానికి కారణం ఉంది.

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన మరో బడిలో ఇలాగే ఒక డిస్కు పోయింది. వచ్చిన టెక్నీషియన్ తెర మీద "డిస్క్ 2" అని చూసి రెండో అరలోది లాగేశాడు. ఆ యంత్రం అరలను సున్నా నుంచి లెక్కపెడుతుంది. దాని భాషలో 2 అంటే మూడో అర. అలా చెడింది లోపలే ఉంది, బాగున్నది బయటికి వచ్చింది. మూడు అంకెలలో రెండు లేవు, పెట్టె ఆగిపోయింది. అప్పటికీ మించిపోయింది లేదు. లాగినదాన్ని అదే అరలో పెట్టి, తెలిసినవాళ్ళను పిలిస్తే చాలాసార్లు తిరిగి నిలబడుతుంది. కంగారులో అతను తెర అడిగిన ప్రతి ప్రశ్నకూ "అవును" నొక్కుతూ పోయాడు. వాటిలో ఒకటి డిస్కులను కొత్తగా సిద్ధం చేయమంటారా అన్న ప్రశ్న. ఆ బడిలో నాలుగేళ్ళ మార్కుల పుస్తకాలను మేం కాగితాల నుంచి మళ్ళీ ఎక్కించుకున్నాం. వేసవి సెలవులన్నీ దానికే సరిపోయాయి.

అందుకే మన పెట్టెలో ప్రతి అర ముందు ఆ డిస్కు సీరియల్ నంబరు చీటీ అతికించి ఉంటుంది. తెర మీద చెడిన డిస్కు సీరియల్ నంబరు చూసి, చీటీతో పోల్చి, ఇద్దరు మనుషులు విడివిడిగా చదివి సరే అన్నాకే చెయ్యి పెట్టాలి. ఏ అరో చూపడానికి దీపం మినుకుమినుకుమనేలా చేసే సదుపాయం చాలా పెట్టెల్లో ఉంది, అదీ వాడాం. యంత్రం నడుస్తుండగానే డిస్కు మార్చే వీలు మన పెట్టెలో ఉంది. ఆ వీలు లేని మామూలు కంప్యూటరులో అయితే పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేయక తప్పదు.

కొత్త డిస్కు కొనడంలోనూ కొన్ని చిక్కులున్నాయి. పాతదానికి సమానంగానో పెద్దదిగానో ఉండాలి. పైన 4 టెరాబైట్లు అనే రాసి ఉన్నా వేరే కంపెనీది ఒక్క పిసరు తక్కువైతే పెట్టె ఒప్పుకోదు. రెండోది, రాసే పద్ధతి. కొన్ని డిస్కుల్లో గీతలను ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడేలా రాస్తారు. ఫోటోలు దాచుకోవడానికి బాగానే ఉంటాయి కానీ, గంటల తరబడి ఆగకుండా రాయవలసిన ఇలాంటి పనిలో చతికిలబడతాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ వారి రెడ్ రకం డిస్కుల్లో కొన్ని ఈ పద్ధతివే అని బయటపడి పెద్ద గొడవ అయింది. ఎస్.పి. రోడ్డులో కొనేటప్పుడు మోడల్ నంబరు రాసుకుని వెళ్ళి, ఇది ఏ పద్ధతిదని అడగండి. పెట్టెలో పెట్టే ముందు వేరే కంప్యూటరుకు తగిలించి స్మార్ట్ పట్టికలో ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్త డిస్కు అయితే సున్నాకు దగ్గరగా ఉండాలి. వేలల్లో ఉంటే బిల్లుతో సహా వెనక్కి తీసుకెళ్ళండి.

చెడినదాన్ని లాగేటప్పుడు ముందు కొద్దిగా కదిలించి, పళ్ళేలు ఆగేదాకా అర నిమిషం ఆగి, అప్పుడు పూర్తిగా తీశాం. కొత్తది ట్రేలో బిగించి, టక్కుమనేదాకా లోపలికి తోశాం. ఈ తీసి పెట్టడం మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ తర్వాతి గంటలు

కొత్త డిస్కు ఖాళీది. మిగతా మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా చదివి, లెక్క కట్టి, దాన్ని నింపాలి. దీన్ని రీబిల్డ్ అంటారు. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున, ఏ అడ్డూ లేకుండా సాగితే 4 టెరాబైట్లకు ఏడున్నర గంటలు. మధ్యలో ఆఫీసు పని కూడా జరుగుతుంటే రోజూ దాటవచ్చు. మనకు దాటింది. మీకు నకళ్ళు ఆపింది ఇందుకే. ముల్లు మీ ఫైలు కోసం ఒకవైపు, రీబిల్డ్ కోసం మరోవైపు పరుగెత్తుతుంటే పని సాగదు, శ్రమా పెరుగుతుంది.

ఈ గంటల్లోనే ప్రమాదం ఎక్కువ. మిగిలిన మూడు డిస్కులూ పోయినదానితో పాటే, ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నవి. వయసు ఒకటే, అరుగుదలా ఇంచుమించు ఒకటే. అలాంటి వాటికి తమ జీవితంలోకెల్లా పెద్ద పరుగు పందెం ఇప్పుడే పెట్టాం. ఎన్నడూ ఎవరూ తెరవని ఫైలు కింద పడిన మచ్చ కూడా ఇప్పుడే బయటపడుతుంది. మామూలు డిస్కులకు కంపెనీలు రాసే హామీ ప్రకారం 12.5 టెరాబైట్లు చదివితే ఒక్క చోట చదవలేకపోవచ్చు. నిజానికి చాలా డిస్కులు దానికన్నా మేలుగానే నడుస్తాయి. అయినా మనం చదవవలసింది మూడు నాలుగులు పన్నెండు టెరాబైట్లు. ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదంటే నవ్వకండి. పెద్ద డిస్కులు వాడేచోట రెయిడ్ 6 పెట్టుకునేది ఇందుకే. వచ్చే ఏడాది మనమూ దానికి మారాలని మేనేజ్‌మెంటు కమిటీకి రాశాను. ఈలోగా నెలకొకసారి పెట్టె తనంతట తానే మొత్తం చదివి మచ్చలు వెతుక్కునేలా అమర్చాం. ఇది ముందే చేసి ఉండవలసింది, మా తప్పే.

కరెంటు సంగతి. రాస్తుండగా కరెంటు పోతే, అంకె ఒకచోట మారి మొత్తం మారకుండా మిగిలిపోవచ్చు. అప్పుడు లెక్క తప్పుతుంది. యు.పి.ఎస్. బ్యాటరీ బాగుందో లేదో చూసుకోకుండా రీబిల్డ్ మొదలుపెట్టవద్దు.

పెట్టె కాపాడలేనివి

రెయిడ్ ఉంది కాబట్టి వేరే ప్రతి అక్కర్లేదనుకునేవారు చాలామంది. ఎవరైనా పొరపాటున ఫోల్డరు చెరిపేస్తే నాలుగు డిస్కుల్లోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. వైరస్ వచ్చి తాళం వేసినా, నిప్పంటుకున్నా, దొంగ ఎత్తుకుపోయినా అంతే.

దీనికి మన ఊరితోనూ తెలుగుతోనూ ముడిపడిన ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్‌లో ఆచార్యులై, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలని తలపెట్టారు. మన దేశంలో ఆ పనికి టాటా ఇన్‌స్టిట్యూట్ అని మనం పిలుచుకునే భారతీయ విజ్ఞాన సంస్థ, అక్కడి ఆచార్యులు ఎన్. బాలకృష్ణన్ ముందు నిలిచారు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కూడా చేయి కలిపింది. అచ్చు ఆగిపోయిన తెలుగు పుస్తకాలు ఎన్నో అలా తెర మీదికి వచ్చాయి. బెంగళూరు, హైదరాబాదు సర్వర్ల నుంచి పేజీ పేజీగా దించుకుని చదివిన రోజులు నాలాంటివాళ్ళకు బాగా గుర్తు.

2017లో కాపీరైటు అభ్యంతరాల వల్ల ఆ సైటు మూతపడింది. డిస్కు ఒక్కటీ చెడకపోయినా చదివేవాళ్ళకు తలుపు మూసుకుపోయినట్టే. అయితే అంతకుముందే కార్ల్ మలమూద్ అనే అమెరికన్ ఆ సేకరణలోంచి నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కాపీ చేసి పెట్టారు. ఇవాళ మీరు ఏదైనా పాత తెలుగు పుస్తకాన్ని అక్కడ చదువుతున్నారంటే, చాలావరకు అది ఇలా మిగిలినదే. ఆ ఆర్కైవ్ వాళ్ళు కూడా ఒక్కో పుస్తకాన్ని రెండు వేర్వేరు యంత్రాల్లోని డిస్కుల మీద పెడతారు. 2024 అక్టోబరులో దాడి జరిగి ఆ సైటు కొన్ని రోజులు ఆగినా పుస్తకాలు పోలేదు.

అందుకని మన బడిలో 3-2-1 అనే పద్ధతి పెట్టుకున్నాం. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన మాట ఇది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. మొదటి ప్రతి పెట్టెలో, రెండోది ప్రతి శుక్రవారం బయటి డిస్కులో, మూడోది సంకేతపదంతో తాళం వేసి క్లౌడులో. నెలకొకసారి మూడో ప్రతి నుంచి ఏదో ఒక రిజిస్టరు పేజీ తెరిచి చూస్తాం. తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే కదా.

తీసిన డిస్కు సంగతి

వారంటీలో ఉన్న డిస్కును తిరిగి ఇస్తే కొత్తది ఉచితంగా ఇస్తారు. మేం ఇవ్వలేదు. పనిచేయని డిస్కులో కూడా పిల్లల పేర్లు, చిరునామాలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పిల్లల వివరాల విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడమంటుంది. డబ్బు పోయినా సరేనని పళ్ళేలను గీకి, డ్రిల్లుతో చిల్లులు పొడిపించాం. మిగిలిన భాగాలు పాతసామాన్లవాడికి వేయకుండా, ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన సంస్థకు ఇస్తాం. ఇంట్లో పాత కంప్యూటరు అమ్మేటప్పుడు మీరు కూడా ముందు డిస్కు తీసి పెట్టుకోండి.

ఇచ్చేముందు ఆ డిస్కును విప్పి కంప్యూటర్ ల్యాబులో బల్ల మీద పెట్టాం. వచ్చే శనివారం మూడో పీరియడులో 9, 10 తరగతుల పిల్లలు చూడవచ్చు. లోపలి అయస్కాంతాలు చాలా బలమైనవి, వేళ్ళు నలుగుతాయి, చేత్తో ముట్టుకోవద్దు. నకళ్ళ దరఖాస్తులు ఎప్పటిలాగే పని దినాల్లో ఆఫీసులో ఇవ్వవచ్చు. గత వారం తిరిగి వెళ్ళినవారు మళ్ళీ క్యూలో నిలబడనక్కర్లేదు, మీ దరఖాస్తులు నా బల్ల మీదే ఉన్నాయి.

ప్రధానోపాధ్యాయుడు